కర్నూలు ఎండలో 2600కె: 4కే ఆటల కోసం ఓవర్‌క్లాకింగ్ డైరీ

మార్చి మొదటి వారం: ఉన్న సరంజామా

ఇంటెల్ 2011 జనవరిలో విడుదల చేసిన శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్ కోర్ ఐ7-2600కె మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 32 నానోమీటర్ల తయారీ, 95 వాట్ల టీడీపీ (కూలర్ తట్టుకోవాల్సిన వేడి కొలత) దీని లెక్కలు. మూల వేగం 3.4 గిగాహెర్ట్జ్. ఒక్క కోరు మీదే పని ఉంటే టర్బో, అంటే తనంతట తానే పెంచుకునే వేగం, 3.8 దాకా వెళ్తుంది, నాలుగు కోర్లకూ పని పడితే 3.5 దగ్గర ఆగుతుంది. జోడుగా జడ్68 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మిద్దె మీది గదిలో పెట్టిన 4కే టీవీయే దీనికి మానిటర్.

ఈ యంత్రంలో 4కే ఆటలు సాఫీగా నడవాలన్నది లక్ష్యం. సెకనుకు తెర మీద మారే బొమ్మల (ఫ్రేముల) సగటు చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది గానీ, జనం ఎక్కువగా ఉండే చోట ఆట తడబడుతుంది. ఆ తడబాటును ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడిపి, ఎంతవరకు పోగొట్టవచ్చో, మే నెల మధ్యాహ్నం కూడా కర్నూలులో ఆ వేగం నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికే ఈ పని మొదలుపెట్టాను. నా దృష్టిలో రెండో ప్రశ్నే అసలైనది. చల్లని గదిలో ఒక్క రాత్రి నిలిచే వేగం మన ఊళ్లో లెక్కలోకి రాదు.

ప్రాసెసర్ పేరు చివర ఉన్న "కె" అక్షరానికి అర్థం మల్టిప్లయర్‌కు తాళం లేదని. ఈ తరంలో బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ కాగా, దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. బేస్ క్లాక్‌ను పెంచడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా వంటివన్నీ అదే గడియారానికి కట్టుబడి ఉండటంతో నాలుగైదు శాతం దాటేసరికి హార్డ్ డిస్కుల దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. అందుచేత దాన్ని 100 దగ్గరే వదిలేశాను. చిప్‌సెట్ కూడా ముఖ్యమే. హెచ్67 బోర్డులో ఇదే చిప్పు పెడితే మల్టిప్లయర్‌ను ఇలా పెంచే వీలుండదు. పీ67, జడ్68, జడ్77 వంటిది కావాలి.

మార్చి రెండో వారం: అడ్డు ఎక్కడుందో కనుక్కోవడం

వేగం పెంచే ముందు, ఆటను నిజంగా ఆపుతున్నది ప్రాసెసరేనా అన్నది తేలాలి. 1080పీ తెరలో 20.7 లక్షల పిక్సెళ్లుంటే 4కేలో 82.9 లక్షలుంటాయి, అంటే సరిగ్గా నాలుగింతలు. ఈ పిక్సెళ్ల భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. వీధిలో ఎంతమంది మనుషులు నడవాలి, ఎవరు ఎటు తిరగాలి, ఏ వస్తువును గీయమని కార్డుకు ఆజ్ఞ పంపాలి అన్న పనులు మాత్రం ప్రాసెసర్‌వి. తెర ఎంత పెద్దదైనా ఆ పని మారదు. అందుకే 4కేలో ప్రాసెసర్‌తో పనే లేదని చాలామంది అంటారు. సగటుకు అది నిజమే, తడబాటుకు కాదు.

పరీక్షకు ది విచర్ 3 ఆటలో నోవిగ్రాడ్ నగరాన్ని ఎంచుకున్నాను. ఆట గ్రాఫిక్స్ కార్డుకు ఆజ్ఞలు పంపడానికి 2022 డిసెంబరు అప్‌డేట్‌తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 విధానం ప్రాసెసర్‌ను మరీ ఎక్కువగా వాడుకుంటుంది కాబట్టి డైరెక్ట్‌ఎక్స్ 11లోనే నడిపాను. హైరార్క్ స్క్వేర్ సంతలో మొదలై, గుర్రం మీద అదే దారిన రేవు వరకు ప్రతిసారీ ఒకే తీరున వెళ్లడం నా కొలత. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో తెర మూలన ఫ్రేముల సంఖ్య, గ్రాఫిక్స్ కార్డు వాడకం, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం కనిపించేలా పెట్టుకున్నాను.

ఊరి బయట పొలాల్లో నిలబడితే గ్రాఫిక్స్ కార్డు వాడకం 98, 99 శాతం చూపిస్తుంది, అంటే అక్కడ అడ్డు కార్డే. సంతలోకి దూసుకెళ్లగానే ఆ వాడకం 85 దాకా పడిపోయి, సరిగ్గా అదే క్షణంలో ఫ్రేము సమయం గీత నిట్టనిలువుగా లేస్తుంది. కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ పంపే ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోందని దానర్థం. రూఢి చేసుకోవడానికి రెజల్యూషన్‌ను 1080పీకి దించి అదే దారిన వెళ్లాను. పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గినా సగటు 54 నుంచి 66కు మాత్రమే పెరిగింది. కార్డు ఒక్కటే అడ్డయితే అది వందకు పైగా ఉండాల్సింది. సంతలో అడ్డు ప్రాసెసరేనని తేలిపోయింది.

మార్చి మూడో వారం: దుమ్ము, పేస్టు, గాలి

మన జిల్లా నల్లరేగడి దుమ్ము మెత్తగా ఉండి, హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి అట్టకడుతుంది. బ్లోయర్‌తో ఊదితే పైపొర మాత్రమే పోయింది. ఫ్యాన్ విప్పి మెత్తని కుంచెతో రెక్క రెక్కా తుడిస్తే గానీ లోపలి పొర రాలేదు. చిప్పు వేడిని కూలర్‌కు చేర్చే పాత థర్మల్ పేస్టు ఎండిపోయి సున్నపు పెచ్చులా లేచి వచ్చింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను.

చిప్పుతో వచ్చిన చిన్న కూలర్‌కు ఈ పని చేసే శక్తి లేదు. దాని స్థానంలో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ రకం హైపర్ 212 ఈవో బిగించాను. శాండీ బ్రిడ్జ్‌లో చిప్పుకూ పైనున్న లోహపు మూతకూ మధ్య టంకం ఉంటుంది. తరువాత వచ్చిన ఐవీ బ్రిడ్జ్‌లో ఇంటెల్ ఆ చోట పేస్టు వాడింది. అందువల్ల ఆ తరపు 3770కె ఉన్నవాళ్లు మూత ఊడదీయడం గురించి ఆలోచిస్తారు, మనకు ఆ అవసరం లేదు. పాత చిప్పు అయినా వేడిని బయటికి పంపడంలో ఇది మెరుగు.

క్యాబినెట్‌కు ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగేలా, వెనుక ఒకటి బయటికి పంపేలా పెట్టాను. లోపలికొచ్చే గాలి ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము చొరబడదు. ముందు భాగానికి నైలాన్ దోమతెర ముక్క కత్తిరించి అతికించాను. రెండు వారాలకొకసారి దాన్ని దులిపితే చాలు.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో: మల్టిప్లయర్, వోల్టేజీ

డైరీలో ఎక్కువ పుటలు పట్టింది ఈ భాగానికే. పరీక్షలన్నీ రాత్రిపూట చేశాను. మా వీధిలో ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. దానివల్ల యంత్రం రీస్టార్ట్ అయితే, ఆ తప్పు చిప్పుదో లైనుదో చెప్పలేం.

ముందుగా ఏమీ మార్చకుండా కొలిచాను. ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే ప్రైమ్95 ప్రోగ్రాములో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష నడుపుతూ, క్యాబినెట్ ముందు ఫ్యాన్ దగ్గరే గది థర్మామీటరు వేలాడదీశాను. గది 30 డిగ్రీలున్నప్పుడు, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర, 1.20 వోల్టులతో అన్నిటికంటే వేడెక్కిన కోరు 57 చూపింది. కోరు వేడి నుంచి గది వేడిని తీసివేస్తే 27 మిగులుతుంది. నేను రాసుకున్నది ఈ తేడానే. గది ఎంత వేడెక్కితే కోరు దాదాపు అంతే పైకి వెళ్తుంది కాబట్టి, ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మార్చి రాత్రి కూర్చుని మే మధ్యాహ్నాన్ని లెక్కకట్టవచ్చు.

ప్రైమ్95 27వ వెర్షన్ నుంచి ఏవీఎక్స్ ఆదేశాలను (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసేవి) వాడుకుంటుంది. శాండీ బ్రిడ్జ్‌లో అవి ఉన్నాయి కనుక పాత వెర్షన్ కంటే చిప్పు బాగా వేడెక్కుతుంది. ఆటలేవీ ఇంత వేడి పుట్టించవు. అయినా ఇదే నిలిస్తే మిగతాదంతా నిలుస్తుందని దీన్నే కొలబద్దగా పెట్టుకున్నాను.

బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో, మల్టిప్లయర్ 42 (4.2 గిగాహెర్ట్జ్) పెట్టి, వోల్టేజీని ఆఫ్‌సెట్ పద్ధతిలో ఇచ్చాను. స్థిరమైన వోల్టేజీ ఇస్తే పని లేనప్పుడు కూడా చిప్పు అదే వోల్టేజీ తాగుతూ ఉంటుంది. ఆఫ్‌సెట్ అయితే స్పీడ్‌స్టెప్ తన పని తాను చేసుకుని, ఖాళీగా ఉన్నప్పుడు 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగి వోల్టేజీ కూడా తగ్గించుకుంటుంది. రోజంతా ఆన్‌లో ఉండే యంత్రానికి ఇదే తగిన పద్ధతి. భారం పడగానే వోల్టేజీ కుంగిపోకుండా లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్‌ను మధ్యస్థంగా ఉంచాను. దాన్ని చివరికంటా పెంచితే, భారం తొలగిన మరుక్షణం వోల్టేజీ మనం అడిగిన దానికంటే పైకి ఎగురుతుంది. ఆ ఎగురు ఏ సాఫ్ట్‌వేర్‌కూ కనబడదు. చిప్పుకు హాని మాత్రం చేస్తుంది.

4.2 దగ్గర 1.22 వోల్టులు, 4.4 దగ్గర 1.275 సరిపోయాయి. 4.4లో కోరు 69 డిగ్రీలు, తేడా 39. 4.6కు 1.35 కావాల్సి వచ్చి, తేడా 48కి చేరింది. వోల్టేజీ చాలనప్పుడు యంత్రం రెండు రకాలుగా పలికింది. ఒకటి నీలి తెర మీద "క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్", రెండోది "వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్". రెండింటికీ మందు ఒకటే, కొద్దిగా వోల్టేజీ పెంచడం. నీలి తెర రాకపోయినా నమ్మకూడదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వియా (WHEA, హార్డ్‌వేర్ లోపాలను నమోదు చేసే విండోస్ భాగం) లాగర్ పేరుతో "సరిదిద్దిన హార్డ్‌వేర్ లోపం" అన్న హెచ్చరికలు ఉన్నాయేమో చూడాలి. 4.6ను 1.33 వోల్టులతో నడిపినప్పుడు ఆట ఆగలేదు, పరీక్ష ఆగలేదు, కానీ అక్కడ ఆ హెచ్చరికలు కనిపించాయి. చిప్పు తప్పు చేసి తనే దిద్దుకుంటోందన్నమాట. అది నిలకడ కాదు.

4.7కు 1.40 వోల్టులు పట్టాయి. తేడా 55 డిగ్రీలు. నా ప్రయత్నం అక్కడితో ఆపాను. కారణం ఒక చిన్న లెక్క. చిప్పు ఖర్చుచేసే శక్తి వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 4.4 నుంచి 4.7కు వెళ్తే వేగం ఏడు శాతం కూడా పెరగదు. వోల్టేజీ 1.275 నుంచి 1.40కి వెళ్లడంతో మొత్తం శక్తి దాదాపు 29 శాతం పెరుగుతుంది. ఏడు శాతం వేగం కోసం ముప్పై శాతం వేడి కొనుక్కోవడం కర్నూలులో ఎవరికీ గిట్టుబాటు కాదు.

మా అక్క కొడుకు అప్పుడప్పుడు వచ్చి చూసిపోతుంటాడు. "మామా, ఐదు కొట్టల్లేదా ఇంగా?" అని వాడి ఆరాటం. "మే నెల పోనీరా, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

ఏప్రిల్ రెండో వారం: ర్యామ్

ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 1333. రెండు చానెళ్లలో అది సెకనుకు 21.3 గిగాబైట్లు మోస్తుంది. నా స్టిక్కులు 1866వి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (స్టిక్కులోనే తయారీదారు రాసిపెట్టిన వేగపు సెట్టింగు) ఆన్ చేయడంతో 29.9 గిగాబైట్లకు చేరింది. వోల్టేజీ మాత్రం 1.5 దగ్గరే ఉండేలా చూసుకోవాలి. 1.65 అడిగే పాత స్టిక్కులను ఈ తరం చిప్పులకు తగిలించకపోవడం మేలు, ఎందుకంటే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంది. సంతలో తడబాటు తగ్గడంలో ర్యామ్ వాటా నేననుకున్నంత చిన్నది కాదు. పైగా దీనివల్ల చిప్పు వేడి చెప్పుకోదగినంత పెరగదు. పాత యంత్రం ఉన్నవాళ్లు మల్టిప్లయర్ కంటే ముందు ఇది చూసుకోవాలని నా అభిప్రాయం.

మే మొదటి మూడు వారాలు: ఎండ పరీక్ష

మే వచ్చేసరికి బయట 43, 44 డిగ్రీలు. మిద్దె మీది గది కాబట్టి కాంక్రీటు పైకప్పు పగలంతా వేడిని దాచుకుని, సాయంత్రం ఆరు తర్వాత లోపలికి వదులుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే గదిలో థర్మామీటరు 41 చూపింది. మార్చిలో రాసుకున్న తేడాలను దీనికి కలిపితే 4.4 దగ్గర 80, 4.6 దగ్గర 89, 4.7 దగ్గర 96 రావాలి. ఈ చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 98. 4.7 అంటే హద్దు గోడను ఆనుకుని నిలబడటమే.

లెక్కను నమ్మి ఊరుకోకుండా 4.4నూ 4.6నూ ఆ వేడిలోనే నడిపాను. 4.4లో 81, 4.6లో 91 వచ్చాయి. వేడి పెరిగేకొద్దీ చిప్పులో లీకయ్యే కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి లెక్కకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంకొకటి గమనించాను. మార్చిలో 1.35 వోల్టులతో చక్కగా నిలిచిన 4.6 ఈ వేడిలో మళ్లీ వియా హెచ్చరికలు ఇచ్చింది. చల్లగా ఉన్నప్పుడు చాలిన వోల్టేజీ వేడెక్కాక చాలదు, వోల్టేజీ పెంచితే ఇంకా వేడెక్కుతుంది. ఆ వలయంలోకి దిగదలచుకోలేదు. 4.4లో ఒక్క హెచ్చరికా లేదు.

ఆటలో మాత్రం 4.4 దగ్గర కోరు 72 దాటలేదు. అయితే 1080 టీఐ తన వంతుగా 250 వాట్ల దాకా వేడిని అదే పెట్టెలోకి వదులుతుంది కాబట్టి, మే నెలలో క్యాబినెట్ పక్క తలుపు తెరిచిపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. తెరిచి చూశాను. ప్రాసెసర్ వేడి రెండు డిగ్రీలు తగ్గింది, నాలుగు రోజుల్లో రెక్కల మీద దుమ్ము పేరుకుంది. మూసేశాను.

ఎయిర్ కూలర్ గురించి ఒక మాట చెప్పాలి. మన వేసవి గాలిలో తేమ తక్కువ కాబట్టి నీళ్ల కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. కిటికీకి పెట్టి నడిపితే గది 41 నుంచి 33కు దిగింది, ప్రాసెసర్ కూడా ఎనిమిది డిగ్రీలు తగ్గింది. కానీ మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునే ఆ ఉప్పే, సన్నని తుంపరతో వచ్చి మదర్‌బోర్డు మీద పడితే కొన్నాళ్లకు తుప్పు తెస్తుంది. కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకుండా, గదికి అవతలి మూలకు తిప్పి పెట్టడం, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంచడం తప్పనిసరి.

మే చివరి వారం: 4కేలో దక్కింది

4.4 గిగాహెర్ట్జ్, 1866 ర్యామ్‌తో అదే సంత, అదే దారి. 4కేలో సగటు 54 నుంచి 55 అయింది. సగటును మాత్రమే చూసేవాళ్లు ఇన్ని నెలల శ్రమ వృథా అంటారు. అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేములను లెక్కిస్తే 38గా ఉన్నది 47కు వచ్చింది. అంటే తడబడిన చోట ఒక్కో ఫ్రేముకు 26.3 మిల్లీసెకన్లు పట్టేది 21.3కి తగ్గింది. గుర్రం మలుపు తిరిగేటప్పుడు చేతికి తెలిసే కుదుపు ఇప్పుడు లేదు. మా అక్క కొడుకు కంట్రోలర్ పట్టుకుని సంతంతా ఒక చుట్టు తిరిగి, "ఇప్పుడు నున్నగా పోతాంది మామా" అన్నాడు. అంకె వాడికి చెప్పలేదు, అయినా తేడా పట్టుకున్నాడు.

తరువాత రెజల్యూషన్‌ను 3200 బై 1800కు దించాను. అందులో 57.6 లక్షల పిక్సెళ్లు, 4కేలో దాదాపు 70 శాతం. ఏడడుగుల దూరం నుంచి టీవీలో చూస్తే ఆ తేడా నా కంటికి ఆనలేదు. గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరి దొరకడంతో అడ్డు పూర్తిగా ప్రాసెసర్ మీదికి వచ్చింది, ఓవర్‌క్లాక్ విలువ బయటపడింది కూడా ఇక్కడే. టీవీ 60 హెర్ట్జ్‌ది కాబట్టి 60కి కట్టడి చేసి నడిపితే, పాత సెట్టింగుల్లో సంతలో సగటు 57, ఒక శాతం కనిష్ఠం 43 వచ్చాయి. 4.4లో సగటు 60, కనిష్ఠం 55. ఆటలోని సెట్టింగుల్లో జనసాంద్రత, దూరం వరకు కనిపించే వస్తువుల పరిధి ప్రాసెసర్ మీద పడేవి, నీడల నాణ్యత ఎక్కువగా కార్డు మీద పడేది. జనసాంద్రతను ఒక మెట్టు తగ్గిస్తే ఆ 55 కూడా 58 అయింది.

గ్రాఫిక్స్ కార్డు పాత తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 స్లాటులో ఉంది కదా, అది అడ్డం కాదా అని అనుమానం రావచ్చు. పదహారు లేన్లతో (డేటా దారులతో) అది 3.0లో ఎనిమిది లేన్లకు దాదాపు సమానం. ఈ కార్డుకు దానివల్ల కలిగే నష్టం చిన్నది.

జూన్ మొదట్లో: ఇప్పటి స్థితి

మల్టిప్లయర్ 44, భారంలో 1.275 వోల్టులు, ర్యామ్ 1866 దగ్గర 1.5 వోల్టులు, లోడ్‌లైన్ మధ్యస్థం. ఇదే శాశ్వత సెట్టింగు. దీన్ని బయాస్ ప్రొఫైల్‌లో భద్రపరిచాను. ఈ వయసు బోర్డులో బయాస్ సెట్టింగులను నిలిపే సీమాస్ బ్యాటరీ ఎప్పుడైనా అయిపోవచ్చు కాబట్టి కొత్త సీఆర్2032 వేసి, అంకెలన్నీ కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించాను.

ఓవర్‌క్లాకింగ్ తీర్చలేని లోటులు రెండున్నాయి. ఈ చిప్పులో ఏవీఎక్స్ తరువాతి రూపమైన ఏవీఎక్స్2 లేదు, అది తప్పనిసరిగా కోరే కొత్త ఆటలు ఎంత వేగం పెంచినా తెరుచుకోవు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది, విండోస్ 11 ఈ తరాన్ని ఒప్పుకోదు. అందుకని బ్యాంకు పనులు, మెయిళ్లు ఇందులోంచి తీసేసి, దీన్ని ఆటలకే కేటాయించాను. అక్క కొడుకు దగ్గర 3770కె ఉంది. వానలు పడి గది 30కి దిగాక దాని మూత తీసి లోపలి పేస్టు మార్చాలని అనుకుంటున్నాం. ఈలోగా వాడిని రోజూ మూడున్నరకు గది వేడి, కోరు వేడి రాసిపెట్టమన్నాను.